హనువును చూచి హృదయమును నిర్ణయింపవచ్చునా?



దేవతానామములలో పెక్కు గుణమును బట్టియో, ఆయుధమును బట్టియో, చేసిన కార్యమును బట్టియో ఏర్పడినవి. ముఖమునందలి ఒక్క ఎముకను బట్టి లోకప్రసిద్ధమైన నామము ఆంజనేయస్వామిది. 'హను' అనగా దవడ. బాల్యమున ఉదయభానుని ఫలమనుకొని ఆకాశమునకెగసిన వేళ ఇంద్రుని వజ్రాయుధము తగిలి ఎడమ దవడ భగ్నమైనదనియు, హనుమంతుడను పేరు అందువలననే కలిగినదనియు కిష్కింధాకాండలో జాంబవంతుడు ఆ మహావీరునికే గుర్తుచేయును.

అంతియే కాదు. శ్రీరామచంద్రుని శుభలక్షణములను వాల్మీకికి వర్ణించుచు నారదమహర్షి బాలకాండ ప్రథమసర్గయందు 'మహాహనువు' అను విశేషణమును వాడెను. పెద్ద దవడలు గలవాడని అర్థము. బౌద్ధవాఙ్మయము చెప్పు ముప్పదిరెండు మహాపురుషలక్షణములలో సింహహనువు ఒకటి. ప్రాచీనుల దృష్టిలో విశాలమైన దవడ స్థైర్యమునకు చిహ్నము. ఆశ్రయింపదగిన పురుషుని లక్షణము.

అదే దవడ నేడు వీథిలో ఎదురైనచో లోకము మరియొక విధముగా చదువుచున్నది. వెడల్పైన చెంపలు, బరువైన దవడ, కన్నులపైకి వ్రాలిన దట్టమైన కనుబొమలు గల పురుషుడు రాత్రివేళ బస్సులో ప్రక్కన కూర్చున్నచో సంచిని దగ్గరకు లాగుకొనువారు కలరు. ఆ మనుష్యుడు నోరు తెరచి ఒక్క మాటయైనను పలికియుండడు. అయినను చూచినవాని మనస్సులో 'ఇతడు ఎవరికిని లొంగడు, కొట్టుటకైనను వెనుదీయడు' అను తీర్పు వెలువడియుండును. ఈ తీర్పు ఎచ్చటినుండి వచ్చుచున్నది? ఇందు సత్యమెంత? భక్తులును సాధకులును విచారింపదగిన ప్రశ్న ఇది. ఏలయనగా దృశ్యమునందలి దోషమేదో, ద్రష్టయందలి దోషమేదో వేరుచేసి తెలిసికొనుటయే వేదాంతవిచారమునకు తొలిమెట్టు.

సికింద్రాబాదులోని తాడ్‌బండ్ వీరాంజనేయస్వామి సన్నిధి ఈ విచారమునకు తగిన స్థలము. మంగళవారములందును శనివారములందును అచ్చట భక్తజనము కిక్కిరిసియుండును. హనుమజ్జయంతినాడు గౌలిగూడ రామమందిరమునుండి బయలుదేరు శోభాయాత్ర ఈ ఆలయమును చేరును. క్రొత్త వాహనములను పూజకై తెచ్చువారు అనేకులు. ఆ వాహనములలో కొన్నింటి వెనుక అద్దముపై ఒక చిత్రము కనబడును: కాషాయము, నలుపు రంగులలో, వంచిన శిరస్సుతో, ముడిపడిన భ్రుకుటితో ఎదుటివానిని నిలువునా చూచుచున్న హనుమంతుని ముఖము. 2015లో కేరళ రాష్ట్రములోని కాసరగోడు ప్రాంతమునకు చెందిన కరణ్ ఆచార్య అను యువచిత్రకారుడు తన మిత్రుల కోరికపై ధ్వజము కొరకు దీనిని గీసెను. అది దేశమంతట వ్యాపించిన పిమ్మట కొందరు 'కోపిష్ఠి హనుమంతు'డనిరి. చిత్రకారుడు మాత్రము అది కోపము కాదు, బలమనియే చెప్పెను. ఒకే ముఖము; గీసినవానికి బలముగా తోచినది, చూచినవారిలో కొందరికి క్రోధముగా తోచినది.

ఈ భేదమునకు కారణమును ఆధునిక మనశ్శాస్త్రజ్ఞులు కొంతవరకు పరిశోధించిరి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఏ భావమును లేని ముఖమునైనను కొంచెము క్రిందికి వంచి దృష్టిని ఎదుటికి నిలిపినచో, చూచువారికి ఆ మనుష్యుడు అధికారము చెలాయించువానివలె కనబడును. శిరస్సు వంగినప్పుడు కనుబొమలు లోపలికి దిగినట్లు తోచును. అది కోపముచే ముడిపడిన భ్రుకుటిని పోలియుండును. కండరము కదలలేదు, క్రోధము కలుగలేదు, కోణము మాత్రము మారినది. పైన చెప్పిన చిత్రములో హనుమంతుని శిరస్సు అట్లే వంగియున్నది.

కోణము సంగతి ఇట్లుండగా ఎముకల నిర్మాణము మాటయేమి? 2008లో కెనడాలోని బ్రాక్ విశ్వవిద్యాలయమునకు చెందిన జస్టిన్ కారే, షెరిల్ మెకార్మిక్ అను పరిశోధకులు ఒక కొలతను గ్రహించిరి. ఒక చెంప ఎముకనుండి రెండవ చెంప ఎముక వరకు గల వెడల్పును, కనుబొమలనుండి పై పెదవి వరకు గల ఎత్తుచే భాగింపగా వచ్చు నిష్పత్తి అది. మంచుపై హాకీ ఆడు క్రీడాకారుల ముఖములను ఇట్లు కొలిచి, నిష్పత్తి అధికముగా గలవారికి ఆటలో శిక్షగా విధింపబడిన నిమిషములు కూడ అధికముగా ఉండునని వారు ప్రకటించిరి. లోకమునకు ఇది మిక్కిలి రుచించినది. ముఖము వెడల్పైనచో మనుష్యుడు దుడుకువాడను పామరవిశ్వాసమునకు శాస్త్రముద్ర పడినట్లయినది.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఆటలో శిక్ష విధించువాడెవడు? రిఫరీ. అతడును కన్నులున్న మానవుడే. విశాలవదనుడు త్రోసినప్పుడు అది దౌర్జన్యముగాను, కోలముఖమువాడు త్రోసినప్పుడు అది పొరపాటుగాను అతనికి తోచియుండవచ్చును గదా! అట్లయినచో ఆ నిమిషముల లెక్క ఆడినవాని స్వభావమును కొలిచినదో, చూచినవాని స్వభావమును కొలిచినదో ఎట్లు వేరుచేయుట?

తరువాతి పరిశోధనలు ఈ సందేహమునకు బలము చేకూర్చినవి. 2015లో అనేక అధ్యయనములను ఒకచోట చేర్చి లెక్కించినప్పుడు ముఖవిస్తారమునకును ప్రవర్తనకును గల సంబంధము స్వల్పమనియు, ముఖవిస్తారమునకును 'ఇతడు ప్రమాదకారి' అని చూపరులు భావించుటకును గల సంబంధము అంతకంటె గట్టిదనియు తేలినది. 2017లో మిహాల్ కోసిన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు 1,37,163 మంది ముఖములను పరిశీలించి, ఆ నిష్పత్తికిని వారు తమ స్వభావమును గూర్చి చెప్పుకొనిన లక్షణములకును చెప్పుకోదగిన సంబంధమేమియు లేదని కనుగొనెను. ఇంతకుముందే, 2006లో, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయములో జానైన్ విల్లిస్, అలెగ్జాండర్ టోడొరొవ్ అనువారు చూపిన విషయము మరింత ఆలోచింపదగినది. ఒక ముఖమును సెకనులో పదవ వంతు చూపినను మనుష్యులు ఆ వ్యక్తి నమ్మదగినవాడా, దుడుకువాడా అని తీర్పు చెప్పిరి. మరికొంత సమయమిచ్చినప్పుడు ఆ తీర్పు అంతగా మారలేదు. తమ తీర్పుపై తమకుగల నమ్మకము మాత్రము పెరిగినది.

సారమిది: ముఖమును చూచి చెప్పు తీర్పులో పదిమందికి ఏకాభిప్రాయము కుదురును. ఆ ఏకాభిప్రాయమునకు సత్యముతో గల బంధము మాత్రము బలహీనము. పదిమంది ఒకే మాటను చెప్పుటయే ప్రమాణమైనచో, మసకచీకటిలో పదిమందియు పామని కేక వేసిన త్రాడు పాము కావలసివచ్చును.

శంకరభగవత్పాదులు దీనినే అధ్యాసయనిరి. ఒకదానియందు అదికాని మరియొకదానిని చూచుట అధ్యాస. త్రాటియందు పామును చూచువానికి కలిగిన భయము నిజము, వచ్చిన చెమట నిజము, వేసిన కేక నిజము. పాము మాత్రము లేదు. ఈ దృష్టాంతమును వేదాంతగ్రంథములలో చదువునప్పుడు సాధారణముగా భయపడినవాని దుఃఖమే స్మరణకు వచ్చును. త్రాడు జడము, దానికి బాధ లేదు. కాని అధ్యాసకు గురియైనది సాటి మనుష్యుడైనచో? పామనుకొని కఱ్ఱ ఎత్తినవాని దెబ్బ తగులునది లేని పాముకు కాదు, ఉన్న త్రాటికే.

సికింద్రాబాదులోని ఒక ఆలయమున కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన సంగతి ఇందుకు నిదర్శనము. మోండా మార్కెట్టులో కూరగాయల బస్తాలు మోయు హమాలీ ఒకడు ప్రతి మంగళవారము సాయంకాలము ఆలయమునకు వచ్చి, వరుసలో నిలిచిన వృద్ధులకు మంచినీరు అందించుచుండెను. వెడల్పైన చెంపలు, బండరాతివంటి దవడ, ముక్కుపై పాత గాయపు మచ్చ. మితభాషి. ఒకనాటి రద్దీలో ఒక గృహిణి మెడలోని గొలుసు కనబడలేదు. కలకలము రేగినది. ఆ వరుసలో నూటికి పైగా జనమున్నను, చూపులన్నియు నీళ్ళబిందె పట్టుకొని నిలిచిన ఆ ఒక్కనిపైననే పడినవి. "మొఖం జూస్తె తెలుస్తలేదా?" అని ఎవరో అనిరి. అతనిని ప్రక్కకు పిలిచి జేబులు చూపుమనిరి. అతడు మారుపలుకక చూపెను. అరగడియలో గొలుసు ఆమె పూలబుట్టలోనే, మల్లెదండకు చిక్కుకొని దొరకినది.

"పోనీలే, దొరికింది గదా" అని అందరును దర్శనమునకు సాగిపోయిరి. ఆమెకు గొలుసు దొరకినది. అతని నుండి పోయినది ఏదియో ఎవరును అడుగలేదు. తరువాతి మంగళవారమును అతడు వచ్చెను, నీరు అందించెను. కాని నాటినుండి తల వంచుకొని నిలుచుట అలవాటైనది. ఎవరితోనైనను మాటాడవలసివచ్చినచో తల ఎత్తక కన్నులను మాత్రము పైకెత్తి చూచుచుండెను. ఆ వాలకమును చూచిన క్రొత్తవారు మరింత బెదరి, గ్లాసు అందుకొనకయే ముందుకు జరుగుచుండిరి. అవమానముచే వంగిన శిరస్సు చూపరులకు బెదిరింపుగా తోచినది. మొదటి భ్రాంతి తన తరువాతి సాక్ష్యమును తానే సృష్టించుకొనినది.

ఇది ఒక్క ఆలయములోని చిన్న సంగతియని త్రోసివేయరాదు. చూపు తీర్పుగాను, తీర్పు చట్టముగాను మారిన కాలములున్నవి. 1876లో ఇటలీ దేశపు వైద్యుడు సెజారె లోంబ్రోజో తన నేరస్థుల గ్రంథమును ప్రకటించి, పెద్ద దవడలు, పొడుచుకొనివచ్చిన చెంప ఎముకలు పుట్టుకతో నేరస్థుడైనవాని గుర్తులని బోధించెను. మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు అధిపతిగా నుండిన ఎడ్గర్ థర్‌స్టన్ కొలబద్దలు చేతబట్టి దక్షిణదేశపు కులముల, తెగల శిరస్సులను, నాసికలను కొలిచెను. 1909లో ఏడు సంపుటములుగా గ్రంథమును వెలువరించెను. ఆ కాలముననే నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకల మొదలగు జాతులవారు పుట్టుకచేతనే అనుమానితులైరి. బాపట్ల సమీపమున గల స్టూవర్టుపురము అట్టివారిని నిర్బంధముగా నివసింపజేయుటకు వెలసిన గ్రామము. 1871లో పుట్టిన ఆ చట్టము స్వతంత్రభారతమున 1952లో రద్దయినది. చట్టము పోయినది గాని, ఆ ఊరి పేరు చెప్పగనే నొసలు చిట్లించు అలవాటు అంత త్వరగా పోలేదు.

నేటి న్యాయస్థానములును ఈ దోషమునుండి పూర్తిగా ముక్తములు కావు. అమెరికా దేశములోని ఫ్లోరిడా రాష్ట్రమున హత్యానేరము క్రింద శిక్షింపబడినవారి ముఖచిత్రములను 2015లో ఇరువురు పరిశోధకులు సంగతి తెలియనివారికి చూపించిరి. నమ్మదగని ముఖములుగా చూపరులకు తోచినవారు యావజ్జీవశిక్ష పొందినవారిలో కంటె మరణశిక్ష పొందినవారిలో అధికముగా ఉండిరి. దవడయు, కనుబొమయు ప్రాణముల తూకములో రాళ్ళైనవి.

ఇక రామాయణమున ఈ ప్రశ్నకు గల సమాధానమును చూతము. ముఖాకృతియే స్వభావమును నిర్ణయించునది యైనచో వాలిసుగ్రీవులు ఒకే స్వభావము గలవారు కావలసియుండెను. వారి రూపములు అశ్వినీదేవతల రూపములవలె అభిన్నములు. మొదటి ద్వంద్వయుద్ధమున వాలి ఎవడో సుగ్రీవుడెవడో తెలియక సాక్షాత్తు శ్రీరామచంద్రుడే బాణమును విడువలేదు. ఒకే దవడ, ఒకే నుదురు, ఒకే కన్నులు. ఒకడు తమ్ముని భార్యను హరించి రాజ్యమునుండి వెళ్ళగొట్టిన దుడుకువాడు. మరియొకడు ప్రాణభయముతో ఋశ్యమూకమున దాగినవాడు. రెండవసారి యుద్ధమునకు పంపునప్పుడు రాముడు ముఖమును మరింత నిశితముగా పరిశీలింపలేదు. లక్ష్మణునిచే సుగ్రీవుని కంఠమున గజపుష్పీలతను కట్టించెను. ముఖము గుర్తును ఈయలేనిచోట, తెలిసినవారు గుర్తును ఇచ్చిరి.

ఆ సుగ్రీవుడే రామలక్ష్మణులను తొలిసారి చూచినప్పుడు వారి విశాలబాహువులను, ధనుర్బాణములను చూచి వాలి పంపిన వారని వణికెను. హనుమంతుడు భిక్షురూపమున వెళ్ళి సంభాషించెను. అప్పుడు రాముడు హనుమంతుని గూర్చి లక్ష్మణునితో చెప్పిన మాటలు ప్రసిద్ధములు. ఆయన మెచ్చుకొనినది హనుమంతుని వాక్కును. వేదాధ్యయనము లేనివాడు ఇట్లు పలుకజాలడని నిర్ణయించెను. ముఖమును కూడ గమనించెను. కాని మాటాడునప్పుడు కన్నులయందును, నొసటియందును, కనుబొమలయందును ఏ వికారమును కనబడలేదని గమనించెను. ఎముకల కొలత కాదది, భావముల కదలిక.

తాను పొందిన న్యాయమును హనుమంతుడు మరియొకనికి తిరిగి ఇచ్చెను. సముద్రతీరమున విభీషణుడు నలుగురు అనుచరులతో, ఆయుధములతో, పర్వతశిఖరమువంటి ఆకారముతో ఆకాశమున నిలిచినప్పుడు సుగ్రీవుడు మరల వాని వధ గూర్చియే మాటాడెను. హనుమంతుడు మాత్రము, ఇతడు పలుకునప్పుడు దుష్టభావము కనబడుటలేదు, ముఖము ప్రసన్నముగా నున్నది, కనుక సంశయము లేదని విన్నవించెను. వజ్రాహతిచే దవడ విరిగినవాడు, రాక్షసాకృతి వెనుక నున్న శరణార్థిని గుర్తించెను.

ఇచ్చట ఒక ఆక్షేపము పుట్టును. సాముద్రికశాస్త్రము మనదే కదా? వరాహమిహిరుడు బృహత్సంహితలో పురుషలక్షణములకు ఒక అధ్యాయమునే కేటాయించెను కదా? నిజమే. కాని ఆ శాస్త్రము ప్రధానముగా చెప్పునది భోగము, ఆయువు, ఐశ్వర్యము మొదలగు ఫలములను. ఒకడు దొంగయా కాదా అని విచారణ లేకుండ తేల్చుటకు అది అనుమతిపత్రము కాదు. న్యాయనిర్ణయమును గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయము మరియొక త్రోవను చూపినది. స్వరము, వర్ణము, చూపు, చేష్ట, మాట, కన్నులయందును ముఖమునందును కలుగు మార్పులను రాజు గమనింపవలెనని అందు కలదు. మార్పు ముఖ్యము, నిర్మాణము కాదు. ఎముక పూర్వకర్మచే లభించినది, చేష్ట వర్తమానకర్మ. వర్తమానకర్మకే మనుష్యుడు లోకమునకు సమాధానము చెప్పవలసినవాడు. సర్వలక్షణసంపన్నుడైన రావణుని తేజమును చూచి హనుమంతుడే విస్మయపడి, అధర్మము లేకున్నచో ఇతడు స్వర్గమునకైనను రక్షకుడు కాదగినవాడని తలచెను. లక్షణములున్నవి, శీలము లేదు.

అట్లయిన జాగ్రత్తయే వలదా? వలయును. చేయి ఎత్తినవానినుండి తొలగుట వివేకము. చేయి ఎత్తనివానిని దవడను చూచి శిక్షించుట అవివేకము. మొదటి తలపు మనస్సులో పుట్టుట సాధకుని చేతిలో లేదు. సెకనులో పదవ వంతులో పుట్టునదానిని ఆపుట దుష్కరము. రెండవ తలపు మాత్రము చేతిలోనిదే. 'ఇతడు ఏమి చేసెను? ఏమి పలికెను?' అను రెండు ప్రశ్నలు వేసికొనునంతవరకు తీర్పును నిలుపగలిగినచో, దమమనియు శమమనియు గ్రంథములలో చదివినది వీథిలో ఆచరణకు వచ్చినట్లు.

సికింద్రాబాదు జనులకు ఈ విద్య క్రొత్తది కాదు. ఆషాఢమాసమున ఉజ్జయినీ మహంకాళి అమ్మవారి లష్కర్ బోనాలలో పోతురాజు ఒడలంతయు పసుపు పూసికొని, నొసట కుంకుమ దిద్ది, కాళ్ళకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపించుచు చిందులు వేయును. అంతటి భీకరరూపము మరియొకటి లేదు. అయినను అతడు అమ్మవారికి తోబుట్టువని, ఊరేగింపునకు ముందు నడచు రక్షకుడని అందరు నెఱుగుదురు. పిల్లలను ఎత్తుకొని దగ్గరకు పోయి చూపించువారును కలరు. అక్కడ సంబంధము తెలియును, కనుక ముఖము భయపెట్టదు. సంబంధము తెలియని పొరుగువాని ముఖమే భయపెట్టును. అనగా లోపించినది అతని ముఖసౌమ్యత కాదు, మన పరిచయము. పేరు అడిగి, క్షేమము విచారించి, ఒక్క మాట కలిపినచో ఆ కంఠమున గజపుష్పిని కట్టినట్లే.

తాడ్‌బండ్ సన్నిధిలో సిందూరముతో వెలుగు ఆ వీరమూర్తి యెదుట ఎవరును బెదరి వెనుకకు జరుగరు. సేవ, సంయమము ఆ మూర్తియందున్నవని ముందుగానే తెలిసికొని వచ్చినవారు గనుక. ఆ హనువునకు నమస్కరించి వెలుపలికి వచ్చినవాడు, గుమ్మమువద్ద నిలిచిన మనుష్యుని హనువును చూచి సంచిని దగ్గరకు లాగుకొనకుండుటయే ఆ నమస్కారమునకు ఫలశ్రుతి.